లావు పన్ను, సన్న పన్ను

కొండపల్లి అడవి వాలులో చైను మళ్ళీ ఊడిపోయింది. తబస్సుం సైకిల్ దిగి, రాళ్ళలోనే మోకాలు ఆనించి కూర్చుని, బురద పట్టిన చైనును వేళ్ళతో ఎత్తి పెడళ్ళ దగ్గరి పళ్ళ రింగుకి తగిలించింది. పెడల్ చేత్తో తిప్పి చూసి ఎక్కింది. రాళ్ళ మీద ఒక్క కుదుపు వచ్చిందో లేదో, కాళ్ళ కింద పెడళ్ళు మళ్ళీ ఖాళీగా గిర్రున తిరిగాయి.

ఎక్కేటప్పుడు కష్టపడి సంపాదించిన దూరమంతా దిగేటప్పుడు పోయింది. ఏలూరు నుంచి వచ్చిన అమ్మాయి "సైడ్ అక్కా" అంటూ దాటిపోయింది. తర్వాత దాటినవాళ్ళు ఆ మాట కూడా అనలేదు. తబస్సుం వాళ్ళ వైపు చూడలేదు. చైను ఎత్తడం, తగిలించడం, నాలుగు గజాలు పోవడం, దిగడం. రాష్ట్ర జట్టు ఎంపిక కోసం ఏడాదంతా తెల్లారకముందే లేచి కాలవ గట్ల మీద తొక్కిన పిల్ల, ఆఖరికి సైకిల్ని నడిపించుకుంటూ కిందికి వచ్చింది.

కాశిం ఎదురొచ్చి కూతురి చేతిలోంచి సైకిల్ తీసుకున్నాడు. ఆటోనగర్‌లో గేర్లు చేసే వర్క్‌షాపులో అతను పెద్ద పనివాడు. ఆదివారం గనక ఇస్త్రీ చొక్కా వేసుకుని కూతురి పోటీ చూడ్డానికి వచ్చాడు. చొక్కాకి మసి అవుతుందని కూడా చూసుకోకుండా వంగి, వేలాడుతున్న చైనును రింగు మీద వేశాడు. బొటనవేలితో దాన్ని అటూ ఇటూ కదిపాడు. మళ్ళీ కదిపాడు. అలాగే వంగి ఉండిపోయాడు.

"నాన్నా, నీళ్ళు ఉన్నాయా?" అంది తబస్సుం. అతనికి వినపడలేదు.

ఈలోగా జయదేవ్ రానే వచ్చాడు. బెంజ్ సర్కిల్ దగ్గర సైకిళ్ళ షాపు అతనిది, సైక్లింగ్ క్లబ్బుకి సెక్రటరీ కూడా అతనే. తబస్సుం తొక్కే మౌంటెన్ బైక్ క్లబ్బు ఇచ్చిందే. కోపం వస్తే అది ఎవరో ఒకరి మీద దిగందే ఊరుకునే మనిషి కాదు. చుట్టూ చూశాడు. నీళ్ళ క్యాన్ల దగ్గర నిలబడ్డ జయపాల్ కనిపించాడు. జయపాల్ అతని షాపులోనే మెకానిక్.

"ఏంటయ్యా ఇది? చైను నిలబెట్టడం రానోడికి మెకానిక్ అని పేరెందుకు?"

"నేను చూసే పంపానండి," అన్నాడు జయపాల్. "స్టాండ్ మీద పెట్టి తిప్పి, కుదిపి మరీ చూశానండి. ఒక్కసారి ఆ రింగు చూడనివ్వండి..."

"ఇంకేం చూస్తావ్? చూసింది చాల్లే. పిల్ల ఏడాది కష్టం బూడిదలో పోశావ్."

ఉప్మా ప్లేట్లు పట్టుకున్నవాళ్ళు తినడం ఆపి ఇటు తిరిగారు. ఎంపిక చేసే పెద్దమనిషి ఉదయభాస్కర్ గారు టోపీ సర్దుకుంటూ దగ్గరికి వచ్చారు. జయపాల్ సాయం కోసం అన్నట్టు కాశిం వైపు చూశాడు. పనివాడి గోడు పనివాడికి తెలుస్తుందనుకున్నాడు కాబోలు.

కాశిం నిటారుగా నిలబడ్డాడు. ఏదో చెప్పబోయినట్టు నోరు తెరిచాడు.

"చేతిలో పనితనం లేనోళ్ళ చేత చేయిస్తే ఇంతేనండి," అన్నాడు.

ఎవర్నీ ఒక మాట అనని మనిషి అతను. అలాంటివాడు, అందులోనూ గేర్ల పళ్ళతోనే జీవితం గడిపినవాడు అనేసరికి ఆ మాటకి తీర్పంత బరువు వచ్చింది. జయదేవ్‌కి కావాల్సిందీ అదే. "విన్నావుగా. రేపట్నుంచి షాపుకి రానక్కర్లేదు," అన్నాడు. జయపాల్ చేతిలో ఉన్న గుడ్డ పీలికను మడతపెట్టి జేబులో పెట్టుకున్నాడు. సైకిల్ని ఎవరో అప్పటికే ట్రాలీ ఆటో ఎక్కించేశారు.

సోమవారం కాలేజీ నుంచి వచ్చాక తబస్సుం పటమటలోని ఇంటి ముందు కుళాయి దగ్గర సైకిల్ కడగడానికి కూర్చుంది. పాత టూత్‌బ్రష్‌ని కిరసనాయిల్లో ముంచి రింగుకి పట్టిన మడ్డి తోముతోంది. మడ్డి కిందనుంచి పళ్ళు ఒక్కొక్కటిగా తెల్లగా బయటపడ్డాయి. అన్నీ ఒకేలా, ముచ్చటగా ఉన్నాయి. చూడగానే ముచ్చటేసింది. ఆ వెంటనే వంగి మళ్ళీ చూసింది.

ఒకేలా ఉండకూడదు.

పోటీకి ముందు కొత్త రింగు వేసినప్పుడు జయపాల్ ఆమెను పక్కన కూర్చోబెట్టి చూపించాడు. పాత సైకిళ్ళకి ముందు రెండు మూడు రింగులు ఉండేవి, చైనును కాపలా కాసే గేరు పంజరం ఒకటి ముందు కూడా ఉండేది. ఈ బండికి ముందు ఒకటే రింగు, కాపలా లేదు. అందుకని పళ్ళే కాపలా కాయాలి. "ఇది లావు పన్ను, ఇది సన్న పన్ను. మళ్ళీ లావు, మళ్ళీ సన్నం. చైనులో కూడా చూడు చెల్లెమ్మా, ఒక సందు వెడల్పు, ఒక సందు ఇరుకు. వెడల్పు సందులో లావు పన్ను నిండుగా కూర్చుంటుంది. అదే పట్టు. ఎంత ఎగిరినా వదలదు." ఆమె గుర్తుపట్టేలా లావు పళ్ళ పక్కన తెల్ల రంగు చుక్కలు కూడా పెట్టి ఇచ్చాడు.

ఇప్పుడు చుక్కలూ లేవు, లావు పళ్ళూ లేవు. లావువన్నీ సన్నవాటికి సమానంగా తగ్గిపోయాయి. పక్కల మీద సన్నటి గీతలు, అన్నీ ఒకే వాలులో, వెంట్రుకవాసి తేడా లేకుండా ఉన్నాయి. ఆకురాయి గీతలు. అంత సాపుగా ఆకురాయి పట్టగల చెయ్యి ఆమెకి పుట్టినప్పటినుంచి తెలుసు.

శనివారం ఉదయం ఆమె బస్సుకి టైమైపోయి చెప్పులు వేసుకుంటుంటే, కాశిం సైకిల్ దగ్గర గొంతుక్కూర్చుని అడిగాడు. "ఏంటే ఇది, పళ్ళు ఎగుడుదిగుడుగా ఉన్నాయి? పోత సరిగ్గా పొయ్యలా. చవక సరుకు తగిలించాడు." ఆమె వినీ విననట్టు "నువ్వే చూడు నాన్నా" అనేసి పరుగెత్తింది. ఆయన చూశాడు. వర్క్‌షాపులో కంప్యూటర్ లేతు వచ్చాక కాశిం చేతికి మిగిలిన పని, మిషను కోసి పడేసిన గేర్లకి అంచులు సాపు చేయడమే. ఎక్కడ పన్ను లేచి కనిపించినా చెయ్యి దానంతటదే ఆకురాయి మీదికి పోతుంది. పైగా ఇది ఉక్కు కూడా కాదు, మెత్తటి అల్యూమినియం. కూతురి పోటీకని ఎంత శ్రద్ధగా కూర్చుని అరగదీసి ఉంటాడో తబస్సుంకి కళ్ళకి కట్టినట్టు కనిపించింది. ఆమెకి ఏడుపొచ్చింది. ఓడినప్పుడు రాని ఏడుపు అది.

ఫోన్ మోగింది. జయదేవ్.

"అమ్మా తబస్సుం, గుడ్ న్యూస్. ఉదయభాస్కర్ గారితో మాట్లాడాను. నీ టైమింగ్స్ ఆయనకి తెలుసు కదా. గురువారం పొద్దున నిన్నొక్కదాన్నే మళ్ళీ తొక్కిస్తారు. ఆదివారం సెలెక్టయిన వాళ్ళ టైమ్ కంటే తక్కువలో వస్తే జట్టులో నువ్వుంటావు. ఎందుకైనా మంచిది, కొత్త రింగు కూడా పంపిస్తున్నా."

"మళ్ళీ ఎలా ఇస్తారు సార్?"

"రైడర్ చేతిలో తప్పుంటే ఇవ్వరు. ఆదివారానికి ముందు బండి మీద రైడర్ గానీ, ఇంట్లోవాళ్ళు గానీ చెయ్యి పెట్టారంటే అసలే ఇవ్వరు. మనది అది కాదుగా. క్లబ్బు మెకానిక్ తప్పని నేనే ఒప్పుకున్నా. నువ్వేం టెన్షన్ పెట్టుకోకు."

ఆమె "సరే సార్" అంది. ఫోన్ పెట్టేశాక చేతిలో టూత్‌బ్రష్ ఇంకా ఉందని చూసుకుంది.

మంగళవారం ఆమె కృష్ణలంక వెళ్ళింది. ఎందుకు వెళ్తోందో తనకే సరిగ్గా తెలియదు. చెప్పేయాలని ఆటో ఎక్కింది, దిగేసరికి చూసి వద్దామనుకుంది. జయపాల్ ఇంటి అరుగు మీద పక్కింటివాళ్ళ పిల్లల సైకిల్ తిరగేసి పంక్చర్ వేస్తున్నాడు. ఆమెను చూడగానే లేచి చేతులు తుడుచుకున్నాడు.

"రా చెల్లెమ్మా. నేనే వద్దామనుకున్నా. మీ నాన్నగారికి మొహం చూపించలేక ఆగా."

అతని భార్య స్టెల్లా లోపల్నించి కుర్చీ తెచ్చి వేసింది. పలకరించలేదు. భార్యాభర్తల మధ్య కూడా మాటల్లేవని ఆ కుర్చీ వేసిన తీరులోనే తెలుస్తోంది.

"అన్నా, ఆ రింగు..." అని మొదలుపెట్టింది తబస్సుం.

"నాకు తెలిసింది చెల్లెమ్మా ఏం జరిగిందో." జయపాల్ గొంతుక్కూర్చుని తల వంచుకున్నాడు. "అప్పట్నుంచీ ఆలోచిస్తానే ఉన్నా. చైను వేసేటప్పుడు ఒక్క లింకు పక్కకి జరిగుంటుంది. లావు పన్ను ఇరుకు సందు కిందికి పోయుంటుంది. అలా పడితే చైను పళ్ళలోకి దిగదు, పైన తేలతది. స్టాండ్ మీద తిరిగినా రాళ్ళలో నిలవదు. సరిగ్గా చైను వేసే టైములో ఫోనొచ్చింది. ఒక చేత్తో ఫోను, ఒక చేత్తో చైను. అప్పుడే జరిగుంటుంది."

"ఆ ఫోన్ చేసింది నేనే," అంది స్టెల్లా గుమ్మంలోంచి. "బియ్యం తెమ్మని చేశా. చేయకపోతే ఉద్యోగం ఉండేదంట. ఆదివారం నుంచీ ఇదే పాట."

"నిన్నేమన్నా అన్నానా ఇప్పుడు?"

"అనక్కర్లా. నాకు వినపడతానే ఉంది."

జయపాల్ ఆమెకి బదులివ్వలేదు. తబస్సుం వైపు తిరిగి, చిన్నవాళ్ళని పెద్దవాళ్ళు అడగని విధంగా అడిగాడు. "క్షమించు చెల్లెమ్మా. నీ ఏడాది పోగొట్టా. పని రాదని మీ నాన్నగారు అన్న మాటలో తప్పేం లేదు. ఆయన అనుభవం అట్టాంటిది."

చెప్పేయాలని తబస్సుం ముందుకి జరిగింది. మింగలేక కక్కలేక కుర్చీ అంచున కూర్చుంది. అరగదీసింది నాన్న అని చెప్తే నాన్న పరువు పోతుంది. గురువారం కూడా పోతుంది. రెండోది తనకి గుర్తొచ్చినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది, కానీ గుర్తొచ్చిన మాట నిజం. స్టెల్లా ఇచ్చిన టీ తాగి, "వస్తాను అన్నా" అని లేచింది. తప్పు చేయనివాడు క్షమించమంటుంటే టీ తాగి వచ్చేసింది.

ఆ సాయంత్రం కాశిం పని నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, మంచం మీద కూర్చున్నాడు. తల్లి జరీనా వంటింట్లో ఉంది. తబస్సుం సైకిల్ నుంచి విప్పిన రింగుని పేపర్లో పెట్టి తెచ్చి తండ్రి పక్కన ఉంచింది. కృష్ణలంక నుంచి దారంతా మాటలు కూర్చుకుంటూ వచ్చింది. నీ తప్పు కాదు నాన్నా, ఈ కొత్త రింగులు ఇలాగే చేస్తారంట, ఎవరికైనా పొరపాటు పడేట్టే ఉంటుంది. ఎక్కడా ఆయన చేతికి దెబ్బ తగలకుండా చెప్పాలి.

"నాన్నా, నీకొకటి చెప్పాలి. ఈ పళ్ళున్నాయి చూడు..."

కాశిం రింగు వైపు చూడలేదు.

"తెలుసులే," అన్నాడు.

ఆమెకి ముందు అర్థం కాలేదు. "ఏం తెలుసు?"

"కొండకాడే తెలిసింది. నీ దగ్గర బండి తీసుకుని చైను వేశా కదా. వేలితో కదిపితే అటూ ఇటూ ఊగింది. నేను తీసేసింది దాని పట్టునేనని అప్పుడే తెలిసింది."

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. తబస్సుం తండ్రినే చూస్తూ నిలబడింది. నిన్నటినుంచి తండ్రికి తెలియకూడదని ఆమె దాచుకుంటూ తిరిగింది. ఆయనేమో అంతకు ముందే తెలిసి, దాచుకుని, అన్నం తిని పనికి వెళ్ళి వస్తున్నాడు.

"తెలిసే అన్నావా ఆ మాట? చేతిలో పనితనం లేదని?"

"ఒప్పుకుందామనే నోరు తెరిచా." కాశిం తన అరచేతులు చూసుకున్నాడు. "అందరూ నా వైపే చూస్తున్నారు. గేర్ల మాస్టారని జయదేవ్ గారు ఆ పొద్దున అందరికీ చెప్పారు కదా నా గురించి. నోరు తెరిచాక వేరే మాట వచ్చింది. వచ్చాక వెనక్కి తీసుకోవడం చేతకాలా."

"ఆయన తనదే తప్పనుకుంటున్నాడు నాన్నా. వాళ్ళావిడ ఫోన్ చేయబట్టేనని ఇద్దరూ మాట్లాడుకోవట్లేదు."

కాశిం రింగుని పేపర్లో మళ్ళీ చుట్టాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "గురువారం నీది అయిపోనీ. అయ్యాక నేనే వెళ్ళి జయదేవ్ గారికి చెప్తా. నాలుగు మాటలంటాడు, పడతా. ఇప్పుడు చెప్తే నీది పోద్ది. రెండు రోజులేగా."

ఎంత సబబుగా ఉంది ఆ మాట! ఎవరికీ నష్టం లేదు. రెండు రోజులు ఆలస్యం, అంతే. తబస్సుం ఏమీ అనలేదు. మౌనం అర్ధాంగీకారం అంటారు. ఆమెది అర్ధం కూడా కాదు, పూర్తి అంగీకారమే. బుధవారం జయదేవ్ పంపిన కొత్త రింగుని తనే బిగించుకుంది. లావు పన్నుకి వెడల్పు సందు, సన్న పన్నుకి ఇరుకు సందు చూసుకుంటూ, జయపాల్ చెప్పినట్టే చైను వేసింది. తర్వాత పెడల్ తిప్పి, వెనక చక్రాన్ని నేలకేసి కొట్టి చూసింది. కదల్లేదు. బాగా పట్టింది. కాశిం గుమ్మంలో నిలబడి చూశాడు గానీ దగ్గరికి రాలేదు.

గురువారం ఉదయం కొండ దగ్గర మనుషులు ఎక్కువమంది లేరు. ఉదయభాస్కర్ గారు, స్టాప్‌వాచ్ పట్టుకున్న ఇద్దరు, జయదేవ్, క్లబ్బు కుర్రాళ్ళు కొందరు. కాశిం స్టాండు వేసిన మోపెడ్ పక్కన నిలబడ్డాడు. ఎండ ఇంకా రాలేదు. దారి పొడిగా ఉంది. తబస్సుం ఒక కాలు నేల మీద ఆనించి గీత దగ్గర నిలబడింది. కాళ్ళు తేలిగ్గా ఉన్నాయి. ఈ రోజు గెలుస్తుందని ఆమెకి తెలుసు.

చెట్ల వెనకనుంచి జయపాల్ వచ్చాడు.

ఎవరూ పిలవలేదు. మొదటి బస్సు పట్టుకుని, మెయిన్ రోడ్డు నుంచి నడిచి వచ్చినట్టున్నాడు, ప్యాంటు మోకాళ్ళ దాకా దుమ్ము. జయదేవ్ వైపు చూడకుండా నేరుగా తబస్సుం దగ్గరికి వచ్చాడు.

"ఒక్క నిమిషం చెల్లెమ్మా. చైను ఎట్టా పడిందో చూసి పోతా. నా వల్ల మళ్ళీ జరిగితే ఇక నేను తట్టుకోలేను." అంటూ వంగి రింగు మీదికి చెయ్యి చాచాడు.

"ఆగవయ్యా," అన్నారు ఉదయభాస్కర్ గారు. "నువ్వు ముట్టుకోవద్దు. ఒకసారి చేసింది చాలు."

ఆయన గట్టిగా ఏమీ అనలేదు. మామూలుగానే అన్నారు. జయపాల్ చెయ్యి వెనక్కి తీసుకుని, దానికేమీ అంటకపోయినా ప్యాంటుకి తుడుచుకున్నాడు. "అలాగేనండి," అని రెండడుగులు వెనక్కి వేశాడు. అప్పటికీ మెడ సాచి చైను వైపే చూస్తున్నాడు.

తబస్సుం తండ్రి వైపు చూసింది. కాశిం నేల చూస్తున్నాడు.

"రెడీయా?" అన్నాడు స్టాప్‌వాచ్ అతను.

"ఆదివారం చైను ఊడింది ఆయన వల్ల కాదండీ," అంది తబస్సుం.

జయదేవ్ గబగబా ముందుకొచ్చాడు. "అమ్మా, అవన్నీ ఇప్పుడెందుకు? ముందు తొక్కు."

"ఆయన సరిగ్గానే వేశారు. తర్వాత మా ఇంట్లో..." అక్కడికి వచ్చి ఆగిపోయింది. మిగిలింది ఒక్క మాటే. తండ్రి ఎదురుగా, ఇంతమందిలో, ఆ మాటని నాలుక మోయలేకపోయింది. ఉదయభాస్కర్ గారు ఆమె వైపూ, జయదేవ్ వైపూ మార్చి మార్చి చూశారు.

"మీ ఇంట్లో ఏమైందమ్మా?"

"నేనండి," అన్నాడు కాశిం.

మోపెడ్ పక్కనుంచి వచ్చాడు. నడిచి రావడానికి పెద్ద దూరం లేదు గానీ, వచ్చేసరికి అలిసిపోయినట్టున్నాడు. "పళ్ళు హెచ్చుతగ్గులుగా ఉంటే పోతలో లోపమనుకున్నా. శనివారం కూర్చుని ఆకురాయి పట్టి సమానం చేశా. అట్టా చేస్తే చైను నిలవదని నాకు తెలవదు. ఆదివారం ఇక్కడికొచ్చాక తెలిసింది. తెలిసి కూడా ఇతన్ని అన్నా."

జయదేవ్ నుదురు రుద్దుకున్నాడు. ఉదయభాస్కర్ గారు స్టాప్‌వాచ్ అతనితో ఏదో చెప్పి, తబస్సుం వైపు తిరిగారు. ఆయన మొహంలో నిజంగానే బాధ కనిపించింది.

"అలాగైతే రూల్ ఒప్పుకోదమ్మా. ఇంట్లోవాళ్ళే చెయ్యి పెట్టాక నేను నీకు మళ్ళీ ఛాన్స్ ఇస్తే మిగతా పిల్లలకి ఏం చెప్పను?"

"అర్థమైందండీ," అంది తబస్సుం. హెల్మెట్ బకిల్ తీసింది. హెల్మెట్‌ని హ్యాండిల్‌కి తగిలించింది. కన్నీళ్ళు వస్తే రానీ అనుకుంది, తుడుచుకోలేదు.

జయపాల్ ఉన్నచోటే నిలబడి ఉన్నాడు. కాశిం అతని దగ్గరికి వెళ్ళి, "జయపాల్ గారూ," అన్నాడు. జయపాల్ అతన్ని చూసినట్టు కూడా లేదు. తబస్సుం దగ్గరికి వచ్చాడు.

"అయితే నేను వేసింది సరిగ్గానే ఉందా చెల్లెమ్మా?"

"సరిగ్గానే ఉంది అన్నా."

"లింకు జరగలేదా?"

"జరగలేదు."

తల ఊపాడు. ఇంకోసారి ఊపాడు. "షాపు సంగతి రేపు మాట్లాడదాంలే" అని జయదేవ్ అంటున్నా వినిపించుకోకుండా, జేబులోంచి ఫోన్ తీసుకుని చెట్ల వైపు నడిచాడు. అవతల ఎత్తినట్టున్నారు. అతని వీపు ఒక్కటే ఇటువైపు కనిపిస్తోంది.

"స్టెల్లా," అన్నాడు. "నా వల్ల కాదంట." కాసేపు ఆగాడు. "నీ ఫోను వల్ల కూడా కాదు."

అవతల ఆమె ఏమందో ఎవరికీ వినపడలేదు. అతను మాత్రం అదే మాట మళ్ళీ చెప్పాడు.